మూడోసారి అడగకూడని మనిషి

జీతం ఇచ్చే పనికి మనిషిని ఎంచడం తేలిక. జీతం లేని పనికి ఎంచడమే కష్టం. ఈ రెండు పనులూ నేను కువైట్‌లోనే చేశాను. వారమంతా షర్క్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ పర్సనల్ సెక్షన్‌లో మేస్త్రీల్నీ డ్రైవర్లనీ గుమాస్తాల్నీ ఇంటర్వ్యూ చేసేదాన్ని. సెలవు రోజు, శుక్రవారం పొద్దున, మన వాళ్ల ఏరియా కమిటీల్లో పనిచేస్తామని వచ్చే వాలంటీర్లతో కూర్చునేదాన్ని. ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపడం, ఆస్పత్రిలో పడి ఉన్నవాళ్లని చూసి రావడం, కఫీల్‌కీ, అంటే వీసా ఇచ్చిన యజమానికీ, పనివాళ్లకీ తగువు వస్తే ఏం చేయాలో సలహా చెప్పడం, కమిటీ పనంటే ఇదీ. పైసా రాదు. తిట్లు మాత్రం ధారాళంగా వస్తాయి.

ఈ మధ్యే ఆ కుర్చీ వదిలేసి కాకినాడ వచ్చేశాను. నా చోట్లో కూర్చోబోయే పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, ఏమేం ప్రశ్నలు అడగాలో రాసి పంపండి," అన్నారు. ప్రశ్నలదేముంది, ఎవరైనా రాస్తారు. మీరు నేర్చుకోవలసింది జవాబు వినడం. అది చెప్పాలంటే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజుల సంగతి చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి. నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడే క్లుప్తంగా చెప్పడం చేతకాలేదు, ఇప్పుడేం వస్తుంది.

అబూ ఫారిస్ బెంచీ

నాకు ఈ విద్య నేర్పినవాడు అబూ ఫారిస్, మా పర్సనల్ మేనేజరు. పాలస్తీనా ఆయన. నేను చేరిన మొదటి వారంలోనే, "నువ్వు చక్కగా మాట్లాడతావు సుభద్రా, అదే ఈ పనికి అడ్డం," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నెల తిరక్కుండానే ఆయనన్నది నిజమని తెలిసింది.

బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ప్రశ్నలు వేయడం ఆయనకి గిట్టదు. వచ్చిన వాళ్లందర్నీ వరండాలో ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చోబెట్టేవాడు. చిన్న చిన్న గాజు గ్లాసుల్లో చాయ్ పంపేవాడు. పనేమీ లేక వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు, మీదే ఊరు, నీకు పెళ్లయిందా అనుకుంటూ. బాగా పొద్దెక్కాక ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, అసలు ప్రశ్న వేసేవాడు: "నిన్ను తీసుకోకపోతే, బయట ఉన్నవాళ్లలో ఎవర్ని తీసుకోమంటావు?"

కొందరు ఎవరూ పనికిరారనేవాళ్లు. అలాంటివాణ్ణి ఆయన ఛస్తే తీసుకునేవాడు కాదు. కొందరు ఆలోచించి ఒక పేరు చెప్పేవాళ్లు. నలుగురి నోటా ఒకే పేరు వస్తే ఇంక ఇంటర్వ్యూ ఖలాస్. ఆ మనిషికి ఇంగ్లీషు రాకపోయినా సరే, సర్టిఫికెట్లు లేకపోయినా సరే.

ఆ గది కిటికీ తెరిస్తే చేపల మార్కెట్ వాసన వచ్చేది. అందరూ ముక్కు మూసుకునేవాళ్లు. నేను మాత్రం సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని కాబట్టి కావాలనే ఆ కిటికీ పక్కన బల్ల వేయించుకున్నాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక అబూ ఫారిస్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడి, ఆ రోజు ఎవరిని ఎందుకు కాదన్నాడో చెప్పేవాడు. నా జీవితంలో అంత శ్రద్ధగా నాకు పాఠం చెప్పిన మనిషి ఇంకొకరు లేరు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చేపలు కడుగుతుంటే నాకు ఆయన గొంతు వినిపిస్తుంది.

ఖన్నా గారి కమిటీ

1990 ఆగస్టు. మా వారు సెలవు మీద ఊరెళ్లారు. నేను బ్నీద్ అల్ గార్‌లో మా ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. ఒక పొద్దున లేచేసరికి వీధి మొగలో ట్యాంకు ఉంది. ఆఫీసు మూతపడింది. ఫోన్లు దేశం దాటడం మానేశాయి. ఖుబ్జ్ రొట్టె కోసం ఎండలో వరస కట్టడమే అందరి ఉద్యోగం అయిపోయింది.

కొన్నాళ్లకి దారి ఒకటి తెరుచుకుంది. బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కి, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయికి. మనుషులు వేలల్లో, బస్సులు పదుల్లో. ముందు ఎవరు వెళ్లాలి? కఫీల్ దగ్గర పాస్‌పోర్ట్ ఉండిపోయిన వాళ్లకి ప్రయాణ కాగితం ఎలా తెప్పించాలి? యజమానులు పారిపోయిన విల్లాల్లో ఒంటరిగా చిక్కుకున్న ఆడవాళ్లని బయటికి తెచ్చేదెవరు? ఇవన్నీ తేల్చడానికి ఏరియాకో కమిటీ వేద్దామన్నారు. మా ఏరియాకి, జాబ్రియాకి కలిపి ఖన్నా గారిని పెద్దమనిషిగా పెట్టారు. పంజాబీ ఆయన, ఒక కోల్డ్ స్టోరేజ్ మేనేజరు. నిక్కచ్చి మనిషి. షరతు కూడా ఆయనే పెట్టాడు: కమిటీలో ఉన్నవాళ్లు తమ ఏరియా చివరి బస్సులోనే వెళ్లాలి.

మా బిల్డింగ్ కింద గదిలో ఆయన వాలంటీర్లని పిలిచి ఇంటర్వ్యూ చేశాడు. తెలుగు వాళ్లొస్తే వాళ్ల మాట నేను హిందీలోకి మార్చి చెప్పేదాన్ని. ఆయన అడిగేది ఒక్కటే: "పనిచేస్తావా? అవునా, కాదా?"

మన వాళ్లు మొదటిసారికే అవునంటారా! భోజనానికి లేవండంటే ఆకలితో నకనకలాడుతూ కూడా ఇప్పుడే తిన్నామనే జాతి మనది. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు, మీరింతగా అంటున్నారు కాబట్టి అంటూ పీట మీద కూర్చుంటాం. ఖన్నా గారికి ఆ మర్యాద ఏం తెలుసు? జగిత్యాల దగ్గర్నుంచి వచ్చిన రాజన్న అనే మేస్త్రీ, వందమంది కూలీలకి అన్న లాంటివాడు, చేతులు కట్టుకుని, "నాకేం ఎరుక సార్, సదువుకున్నోళ్లను పెట్టుకోండ్రి," అన్నాడు. నేను హిందీలో చెప్పాను. ఖన్నా గారు థాంక్యూ చెప్పి తరవాతివాణ్ణి పిలిచాడు. రాజన్న మొహం చిన్నబోయింది. ఆ రోజంతా అలాంటి వాళ్లే ఎందరో వచ్చారు, వెళ్లారు.

ఎస్ సార్ అన్నవాళ్లని తీసుకున్నాడు. అందులో ఒకాయన తను ఊళ్లో ఏయే క్లబ్బుల్లో సెక్రటరీగా చేశాడో చెప్పి, సేవ అనే మాట ఊపిరికొకసారి వాడాడు. రెండు వారాలు గడిచాయో లేదో, వాళ్లలో సొంత కార్లున్న వాళ్లంతా చెప్పాపెట్టకుండా అమ్మాన్ దారి పట్టారు. క్లబ్ సెక్రటరీ గారైతే కమిటీ బియ్యం దాచిన గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని మరీ వెళ్లిపోయాడు. తాళం పగలగొట్టించాక ఖన్నా గారు ఆ బియ్యం బస్తా మీదే కూర్చుని, "సుభద్రాజీ, మీ వాళ్లని మీరే చూసుకోండి, నాకు మీ వాళ్లు అర్థం కారు," అన్నాడు.

వద్దు అన్నప్పుడు

నేను అబూ ఫారిస్ పద్ధతీ మన ఇళ్లలో వడ్డించే పద్ధతీ కలిపి వాడాను. మెట్ల మీద అందర్నీ కలిపి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. పంచదార అప్పటికే కరువు, అయినా ఇచ్చాను. ఒక్కొక్కర్నీ మూడుసార్లు అడిగాను.

రాజన్నని అడిగితే చదువు లేదన్నాడు, హిందీ రాదన్నాడు, మోకాలు నొప్పి అన్నాడు. పిల్లలూ, ఇక్కడ ఆగి వినండి. మనిషి వద్దంటూ కారణాలు చెబుతున్నాడంటే ఆ కారణాల్ని మీరు కొట్టిపారేయాలని ఎదురుచూస్తున్నాడన్న మాట. నేను ఒక్కొక్కటీ కొట్టిపారేశాను. మూడోసారికి రాజన్న గొంతు సవరించుకుని, "మీరంతగనం అంటున్నరు గద మేడం," అన్నాడు. ఆ తరవాత ఆ మనిషి చేసిన చాకిరీ నేను చెప్పలేను. కూలీల గదుల్లో ఎవరికి జ్వరం, ఎవరికి తిండి లేదు, ఎవరు బస్సులో కూర్చోగలరు, అన్నీ చూసుకున్నాడు.

నీకు బదులు ఎవరైతే బాగుంటుందని అడిగినప్పుడు రాజన్న ఒక పేరు చెప్పాడు. తరవాత వచ్చిన టైలరూ అదే పేరు. వంటమనిషి ఒకామె వచ్చి అదే పేరు. లక్ష్మీదేవి.

రాయచోటి వైపు మనిషి. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా వంట చేస్తోంది. ఏ ఇంట్లో ఏ అమ్మాయిని మామా, అంటే ఇంటి యజమానురాలు, కొట్టినా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, శుక్రవారం ఆ ఇంటి గేటు దగ్గరికే పరిగెత్తేవారట. ఆమె చెల్లెలు రత్నమ్మ రెండు వీధుల అవతల మరో ఇంట్లో పనిచేసేది. జాబ్రియా విల్లాల్లో చిక్కుకున్న ఆడవాళ్లు ఎవరు పిలిచినా బయటికి రావడం లేదు. ఇల్లు వదిలి వెళితే, రేపు మామా తిరిగొచ్చాక దొంగతనం అంటగడుతుందని వాళ్ల భయం. లక్ష్మీదేవి చెబితే వస్తారని అందరూ అన్నారు.

జాబ్రియా గేటు

నేనూ రాజన్నా నడిచి వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, చెప్పుల అడుగు కాలిపోతోంది. వీధి చివర ఇసక బస్తాల వెనక ఇద్దరు సైనికులు కూర్చున్నారు. ఆ ఇంటి వాళ్లు ఎండాకాలం సెలవులకి కైరో వెళ్లి అక్కడే ఉండిపోయారని రాజన్న చెప్పాడు.

పక్కగేటు కొంచెం తెరిచి లక్ష్మీదేవి నిలబడింది. నలభై దాటిన మనిషి, ఎండిన మొహం. సంగతి చెప్పాను, అందరూ నీ పేరే చెబుతున్నారన్నాను.

"నాకొద్దు మేడమ్," అంది.

కారణం చెబుతుందని ఆగాను. చెప్పలేదు. చెల్లెల్ని పెట్టుకోండనో, ఫలానా ఆమెని అడగండనో అంటుందనుకున్నాను. అదీ అనలేదు. ఎందరి ప్రాణాలో నీ మాట మీద ఉన్నాయని రెండోసారి అడిగాను.

"వద్దు మేడమ్. నేను రాలేను."

అంతే. అంత ఎండలో వెళితే లోపలికి రండి అనలేదు. మంచినీళ్లు కావాలా అని అడగలేదు. రాయలసీమ మనిషి గుమ్మంలోకొచ్చిన వాళ్లకి నీళ్లివ్వకుండా పంపడం నేనెప్పుడూ చూడలేదు. నేను వెనక్కి తిరిగాక, నాకు మాత్రమే వినపడేలా, "ఈ పక్కకు ఎవురినీ పంపొద్దండి," అని గేటు వేసేసింది.

దారిలో రాజన్న గొణుగుతూనే ఉన్నాడు. "నీళ్లు తాగుతరా అని గూడ అడగకపాయె. ఏం మనిషి మేడం గామె." కాస్త దూరం పోయాక మెత్తబడ్డాడు. రెండుసార్లే కదా అడిగాం, మూడోసారికి ఒప్పుకుంటుంది, రేపు మళ్లీ పోదామన్నాడు.

నాకు మాత్రం తెలిసిపోయింది. మొహమాటపు వద్దుకి కారణాలు వెంట నడిచొస్తాయి. నిజమైన వద్దుకి ఏ కారణమూ ఉండదు, ఉన్నా మీకు చెప్పరు. అలాంటి మనిషిని మూడోసారి అడగకూడదు. లోపల ఏముందో నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

నేనన్న మాట

మర్నాడు పొద్దున మా బిల్డింగ్ మెట్ల దగ్గర ఓ గుంపు పోగైంది. లక్ష్మీదేవిని బతిమాలడానికి అందరూ కలిసి బయల్దేరారు. వంటవాళ్లు, డ్రైవర్లు, టైలరు, ముందు రత్నమ్మ. అక్కాచెల్లెళ్లకి పోలికే లేదు. అక్క మాట తూచి మాట్లాడితే, రత్నమ్మ మాటా కన్నీళ్లూ ఒకేసారి వచ్చే మనిషి. మొన్నటిదాకా శుక్రవారం శుక్రవారం అక్క వండిపెట్టిన సంగటి తిన్నదాన్ని, సైన్యం వచ్చినప్పట్నించీ నన్ను కూడా గేటు దాటనివ్వడం లేదు, ఇవాళ అందరం అడిగితే ఎందుకు రాదో చూస్తానంది.

ఎవరింట్లోనైనా కువైటీలు దాక్కున్నారేమోనని సైనికులు వెతుకుతున్న రోజులవి. వీధి చివర తుపాకులు పట్టుకుని వాళ్లు కూర్చుని ఉంటే, ఇంతమంది పోయి ఒకే గేటు ముందు నిలబడి అక్కా అక్కా అని పిలుస్తారు. వద్దంటే ఇంకా గట్టిగా పిలుస్తారు. ఇవాళ రాకపోతే రేపు ఇంకో పదిమందిని వెంటేసుకు వెళ్తారు. అందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. ప్రేమగా బతిమాలడమే మన వాళ్లకి తెలుసు.

వెళ్లొద్దని చెప్పి చూశాను. మీకు తెలియదు మేడమ్, మనోళ్లు అట్లనే అంటారు, అన్నారు. ఇంక ఆలోచించలేదు.

"ఆమె కాదనలేదు. నేనే ఆమెని వద్దన్నాను," అన్నాను. "తన కఫీల్ ఇల్లు తప్ప ఆ మనిషికి ఎవరూ పట్టరు. అలాంటి మనిషి కమిటీకి పనికిరాదు."

గుంపు చప్పబడిపోయింది. పనికిరాదని తీసేసిన మనిషి దగ్గరికి బతిమాలడానికి ఎవరూ వెళ్లరు, అదీ మన పద్ధతే. టైలరు నేనప్పుడే అనుకున్నానంటూ ముందు కదిలాడు. రాజన్న నా మొహం వైపు చూశాడు. గేటు దగ్గర నాతో ఉన్నవాడు కదా, నేను అబద్ధం ఆడానని అతనికి తెలుసు. కానీ నోరు మెదపలేదు. ఆ మౌనానికి నేను అతనికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

రత్నమ్మ మాత్రం మీదికొచ్చింది. మా యక్క అట్లాంటిది కాదంది. తరవాత మెట్టు మీద కూలబడి, తనని కూడా గేటు దాటనివ్వకపోవడం గుర్తొచ్చి కాబోలు, చాలాసేపు ఏడ్చింది. లేచి కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయమ్మ చెయ్యకపోతే నేను చేస్తా. పెట్టుకోండి నన్ను," అంది. ఒక్కసారి కూడా అడిగించుకోకుండా ఒప్పుకున్న తెలుగు మనిషిని నా సర్వీసు మొత్తంలో అప్పుడే చూశాను. తీసుకున్నాను.

నేను చేసింది తప్పని ఇవాళ్టికీ అనుకోను. మళ్లీ ఆ మెట్ల దగ్గర నిలబెట్టినా అదే మాట అంటాను. కానీ ఆ మాట ఎవరి మీద పడిందో ఆ మనిషి సంగతి నాకు తెలుసు. జాబ్రియాలో నలుగురూ మాటిమాటికీ తలుచుకునే పేరు, వారం తిరిగేసరికి ఎవరూ ఎత్తని పేరైపోయింది.

చివరి బస్సు

రత్నమ్మ అక్క మీద కోపంతో పనిచేసింది. చూడముచ్చటగా ఉండేది ఆ కోపం. నల్ల అబాయా కప్పుకుని విల్లా విల్లాకీ వెళ్లేది. బయటికి రమ్మంటే భయపడ్డ వాళ్లతో, మీ మామా తిరిగొచ్చి అడిగితే నా పేరు చెప్పండి, నేను జవాబు చెప్పుకుంటానని తాళం తనే వేయించేది. ఇద్దరిద్దరినీ వెంటబెట్టుకుని మా బిల్డింగ్‌కి నడిపించుకొచ్చేది. వాళ్లకి ప్రయాణ కాగితాలు ఖన్నా గారు తెచ్చేవారు, బస్సు దాకా రాజన్న దిగబెట్టేవాడు. ఆ రోజుల్లో మేం తిన్నది పప్పూ ఖుబ్జూనే. అయినా మెట్ల మీద కూర్చుని అందరం కలిసి తిన్న ఆ తిండి రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదంటే నమ్మండి. భయం భయంగానే ఉండేది, నవ్వులూ ఉండేవి. ఖన్నా గారు రత్నమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంటున్నానని చెప్పేవాడు. ఆయన నేర్చుకున్న మొదటి మాట, "వద్దు."

మా ఏరియా చివరి బస్సు వచ్చేసరికి ఎండ తీవ్రత తగ్గింది. అందరూ ఎక్కారు. రత్నమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి, జాబ్రియా దారి వైపు చూస్తూ నిలబడింది. తన పక్కన సీట్లో సంచి పెట్టి ఉంచింది. పొద్దున గేటు బయటి నుంచే అక్కకి కబురు చెప్పి వచ్చిందట, ఇదే ఆఖరి బస్సని. ఇంకొంచేపు చూద్దాం మేడమ్ అంది. చూశాం. డ్రైవరు యల్లా యల్లా అని హారన్ కొట్టాడు.

"పోదాం పాండి," అంది చివరికి. "ఆయమ్మకు వాళ్ల ఇల్లే కావాల్సింది. ఇంక మా ఇద్దరికీ ఖలాస్."

సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను పక్కనే కూర్చున్నాను. లోపల ఏదో ఉంది రత్నం అని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. కానీ బస్సు ఇంకా చెక్‌పోస్టులు దాటాల్సి ఉంది, చుట్టూ చెవులున్నాయి, పైగా నాకు తెలిసిందే సగం. ఊరుకున్నాను.

మళ్లీ షర్క్

సైన్యం వెళ్లిపోయాక కంపెనీ వాళ్లు తిరిగి రమ్మన్నారు. దిగేసరికి కాలుతున్న చమురు బావుల పొగతో పట్టపగలే మసకగా ఉంది. ఆఫీసులో బల్లలు కూడా ఎత్తుకుపోయారు. అబూ ఫారిస్ లేడు. పాలస్తీనా వాళ్లు చాలామందికి ఇక అక్కడ చోటు లేకుండా పోయింది, ఆయన కుటుంబం అమ్మాన్ వెళ్లిపోయిందని తెలిసింది. ఆయన కుర్చీ నాకిచ్చారు. ఎవరైనా ప్రమోషన్ వచ్చిందటగా అంటే నాకు కోపం వచ్చేది. ఆయన ఉంటే ఆ కుర్చీ నాకెందుకు?

ఒకరోజు లక్ష్మీదేవి ఆఫీసుకి వచ్చింది. సగమైపోయింది మనిషి. వెంట తెల్లని పొడుగు దిష్‌దాషా వేసుకున్న ఒక కువైటీ కుర్రాడు. ఆమెని కారులో తీసుకొచ్చి, లోపల దిగబెట్టి, తను తలుపు బయట నిలబడ్డాడు. యజమాని కొడుకు తన వంటమనిషి కోసం బయట నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు.

అతను పోలీసు ఆఫీసరని ఆమె చెప్పింది. తల్లిదండ్రులు కైరోలో ఉండిపోతే అతను ఇంట్లోనే చిక్కుకున్నాడు. దొరికితే చంపేవాళ్లు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న గదిలో దాచి, సైన్యం వెళ్లేదాకా ఆమె తిండి పెట్టింది. సైనికులు వెతకడానికి వచ్చినప్పుడల్లా, "మాఫీ బాబా, మాఫీ మామా," అని, యజమాని లేడు, అమ్మగారు లేరు, నేనొక్కదాన్నే ఉన్నానని చెబుతూ వాళ్ల ముందే గదులు ఊడుస్తూ ఉండేదట. మేం వెళ్లిన రోజు అతను ట్యాంకు గదిలోకి ఇంకా చేరలేదు, ఆ పక్కగేటు వెనక వంటింట్లోనే ఉన్నాడట. అందుకే లోపలికి రమ్మనలేదు. నీళ్లు తేవడానికి తలుపు తెరిచినా కనపడతాడు.

నేనన్న మాట గురించి క్షమించమని అడగబోయాను. ఆమె అడ్డుపడింది.

"మంచి పని చేసినారు మేడమ్. మీరట్ల అన్నంక ఆ గేటు కాడికి ఒక్కురూ రాలేదు. లేకుంటే మనోళ్ల ప్రేమకే మేము సచ్చిపోయుందుము."

ఆ మాటకి ఇద్దరం నవ్వాం. తరవాత ఆమె తను వచ్చిన అసలు పని సంగతి చెప్పింది. ఊళ్లో పక్కింటికి ఫోన్ చేసి పిలిస్తే రత్నమ్మ రాదు. అక్క పేరు ఎత్తితే లేచిపోతోందట. ఈ సంగతి ముందు నా చెల్లెలికి తెలియాలి, ఆ తరవాతే లోకానికి, అంది.

"నేను చెప్పుకుంటే సాకు అనుకుంటాది. ఆ మాట మీరన్నారు మేడమ్. మీరే తియ్యాల."

రెండేళ్లు ప్రయత్నించాను. మనుషుల చేత కబురు పంపాను, రత్నమ్మ వినలేదు. రాజన్న తిరిగి రాలేదు, ఖన్నా గారు ఢిల్లీలో స్థిరపడ్డారు. కమిటీలు మళ్లీ మొదలయ్యాయి. వాలంటీర్లు ఈసారి ఫోటోలు పట్టుకుని, విజిటింగ్ కార్డు ఇస్తారా అని అడుగుతూ వచ్చేవాళ్లు. అలాంటి వాళ్లకి నేను చాయ్ ఇచ్చి పంపేసేదాన్ని. మీరూ అదే చేయండి. చాయ్ మాత్రం మానకండి.

రత్నమ్మ ఇంటర్వ్యూ

ఒక శుక్రవారం బెంచీ మీద రత్నమ్మ కూర్చుని ఉంది. కొత్త వీసా మీద వచ్చి బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోందట. జాబ్రియాలో అక్క ఉన్న ఇల్లు అక్కణ్ణుంచి ఎంత దూరం! ఒక్కసారి కూడా వెళ్లలేదు. నన్ను చూసి మనస్ఫూర్తిగా నవ్వింది. కమిటీ పెడతాండారని విన్నా, నేను చేస్తానంది. మళ్లీ అడిగించుకోలేదు.

నాకు ఆమెని ఇంటర్వ్యూ చేయాల్సిన పనే లేదు. కానీ తలుపు దగ్గరగా వేసి, అందర్నీ అడిగినట్టే అడిగాను, నీకు బదులు ఎవర్ని తీసుకోమంటావని.

"ఎవురినన్నా పెట్టుకోండి మేడమ్, మా యక్కను తప్ప," అంది. "మీరే అంటిరి గదా పనికిరాదని."

ఇదే అదను అనుకున్నాను. మొత్తం చెప్పాను. గేటు దగ్గర ఏం జరిగిందో, మెట్ల దగ్గర నేను ఎందుకు అబద్ధమాడానో, మిద్దె మీద గదిలో ఎవరున్నారో. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది.

"ఆ పిల్లోడు బతికినాడా?" అంది అంతా అయ్యాక.

బతికాడు, పెళ్లి కూడా అయిందన్నాను. అప్పుడు ఆమె కళ్లలో మళ్లీ ఆ పాత కోపం కనిపించింది.

"లోకానికి చెప్పకపోతే పోనీ. నాకు గూడా చెప్పలేదే మేడమ్. నేనేమన్నా పరాయిదాన్నా?"

"చెప్పి ఉంటే నువ్వు ఆ బస్సు ఎక్కేదానివా రత్నం?"

చూస్తుండగానే మొహమంతా మారిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. నాకూ కళ్లు నిండిపోయాయి.

కాసేపటికి తనే లేచింది. ఇంటర్వ్యూ ఇంకా అవలేదమ్మా అన్నాను. వినిపించుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. రత్నమ్మ రోడ్డు మీద టాక్సీ ఆపి, డ్రైవరుతో బేరం కూడా ఆడకుండా ఎక్కి, జాబ్రియా వైపు చెయ్యి చూపించింది.